విమానచోదకుని గృహస్థధర్మము
(మహానంది వార్షిక మహాసభయందు గావించిన ప్రసంగము)



2021లో ఓర్వకల్లునుండి విమానములు నడువ నారంభించినది మొదలు మన యువకులు మమ్మడుగు ప్రశ్న యిది: విమానసంస్థయందు చేరుట మేలా? ధనికుల సొంత విమానము నడుపుట మేలా? మా యనుభవమునే విన్నవింతుము.

మేము తొలుత నొక వ్యాపారి సొంత విమానము నడిపితిమి. తీరిక దినములు పెక్కు. బిడ్డలతో గూడి భుజించు భాగ్యము తరచుగ గలిగెడిది. కాని పిలుపు వచ్చినంతనే కదలవలయును. ఈ మహానందీశ్వరుని సన్నిధిని మా కుమారుని అక్షరాభ్యాసమునాడు మేము ఢిల్లీలో యజమానికై వేచియుంటిమి. తాతగారే వానిచే దిద్దించిరి.

పిమ్మట విమానసంస్థలో చేరితిమి. క్రొత్తవారికి పండుగ సెలవులు దుర్లభములు. పరస్థలమున రాత్రులును తప్పవు. అయినను పనిపట్టిక ముందే చేతికందును. ఏడాదికి 1000 గంటలకు మించి నడుపరాదు. 2025 జూలై మొదలు సంస్థల చోదకులకు వారపు విశ్రాంతి 36 గంటలనుండి 48 గంటలైనది.

కావున కన్యాదాతలారా! జీతమెంతయని యడుగుటకు ముందు, ఇంటనుండు దినములు ముందుగా దెలియునో లేదో యడుగుడు. చోదకురాలగు కన్య విషయమునను వరునివారు ఇట్లే విచారింపవలయును. ఆ మీదట దంపతులే నిర్ణయించుకొందురు గాక.

మా కుమార్తె అక్షరాభ్యాసమునకు మేమిచ్చటనే యుంటిమి.