నిలిపిన సొమ్ము మాఫీ అయిన సొమ్ము కాదు

(అండమాన్ నికోబార్ ద్వీపాలలోని శ్రీ విజయపురంలో పెన్షనర్లు, ఉద్యోగుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైలు పట్టా ఒక్కటి కూడా లేని ఈ ద్వీపాలకు రైల్వే, తపాలా ఉద్యోగుల సమాఖ్య నుండి మేము ఎందుకు వచ్చామని కొందరు మిత్రులు నవ్వుతూ అడిగారు. ఇది కేంద్రపాలిత ప్రాంతం. ఇక్కడి బడిలో చదువు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడు, పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసిన మేస్త్రీ, హార్బరులో పనిచేసిన లస్కరు, ఆసుపత్రిలో సేవ చేసిన నర్సు, తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసిన సార్టరు, వీరందరూ కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లే. గుంతకల్లులో రిటైరైన గ్యాంగ్‌మన్‌కు నిబంధనల పుస్తకం వేరైనా, ఢిల్లీలో ఆర్థిక మంత్రిత్వ శాఖ కలం కదిలితే ఆయనకూ మీకూ ఒకే రోజున ఒకే శాతం పెరుగుతుంది. ఒకే రోజున ఒకే శాతం ఆగుతుంది. బంగాళాఖాతంలో పన్నెండు వందల కిలోమీటర్ల నీరు మన మధ్య ఉన్నది గాని, ఉత్తర్వుకు ఆ దూరం లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో నూటికి సుమారు పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్టణం తీరాల నుండి వచ్చి చేపల వేటలోనో, కూలి పనిలోనో మొదలుపెట్టి, తర్వాత ప్రభుత్వ కొలువులో స్థిరపడినవారి కుటుంబాలు అనేకం. ఆ ఇళ్ళలో నెలకొకసారి నిశ్చయంగా వచ్చే సొమ్ము తండ్రి పెన్షనే. ఆయన లేకపోతే తల్లి కుటుంబ పెన్షను. పడవ వేటకు వెళ్ళని నెలలో బియ్యం తెచ్చేది అదే. అందువల్ల ఇక్కడ పెన్షనరు భయం ఒక ముసలివాని భయం కాదు, ఒక ఇంటి భయం.

ఆ భయం ఏమిటో ఈ రెండు రోజులుగా మీ నోటనే విన్నాము. దేశానికి ఆర్థిక సంక్షోభం వస్తే మా పెన్షను ఆపుతారా? కరువు భత్యం మళ్ళీ స్తంభింపజేస్తారా? పాత పెన్షనర్లను కొత్త వేతన సంఘం వదిలివేస్తుందా? ఇవి ఉత్త వదంతులని కొట్టివేయడం మాకు చేతకాదు, ఎందుకంటే ఒకసారి జరిగింది. అంతా పోతుందని చెప్పడం కూడా తప్పే. ఏది గట్టి నేల మీద ఉన్నది, ఏది ఇసుక మీద ఉన్నది అనే వివేచన మనకు కావాలి.

2020 సంగతి ముందుగా చూద్దాము. ఆ సంవత్సరం మార్చిలో కేంద్ర మంత్రివర్గం జనవరి 1 నుండి రావలసిన నాలుగు శాతం కరువు భత్యాన్ని ఆమోదించింది. నెల పదిరోజులు తిరగకముందే, ఏప్రిల్ 23న, కోవిడ్ సంక్షోభాన్ని కారణంగా చూపి ఆ వాయిదానూ, ఆ తర్వాతి రెండు వాయిదాలనూ నిలిపివేస్తూ ఉత్తర్వు వచ్చింది. పెన్షనర్లకిచ్చే డియర్‌నెస్ రిలీఫ్ కూడా అందులో చేరింది. 17 శాతం వద్దనే పద్దెనిమిది నెలలు నిలబెట్టారు. 2021 జూలై 1 నుండి ఒక్కసారిగా 28 శాతం చేశారు. కాని మధ్యనున్న పద్దెనిమిది నెలల బకాయి ఇవ్వలేదు. మూడు వాయిదాల వల్ల 34,402.32 కోట్ల రూపాయలు మిగిలినట్లు ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది.

కోట్ల లెక్క మనకు అంతుపట్టదు. ఇంటి లెక్క వేద్దాము. మొదటి ఆరు నెలలు నాలుగు శాతం, తర్వాతి ఆరు నెలలు ఏడు శాతం, చివరి ఆరు నెలలు పదకొండు శాతం ఆగింది. మొత్తం కలిపితే ఒక నెల మూల పెన్షనులో 132 శాతం. కనీస పెన్షను 9,000 రూపాయలు తీసుకునే వితంతువుకు పోయినది 11,880 రూపాయలు. మూల పెన్షను 20,000 ఉన్నవారికి 26,400. ఆ రోజుల్లో కూరగాయలు, మందులు, ఓడ ఛార్జీలు ఏవీ 17 శాతం వద్ద ఆగలేదు. ఆ పద్దెనిమిది నెలలలో మరణించిన పెన్షనర్లు ఎందరో. పెరిగిన రేటును వారు చూడనేలేదు.

దీనికి ముందు చరిత్ర ఉన్నది. పాత కార్యకర్తలకు గుర్తుండే ఉంటుంది. 1974 మే నెలలో రైల్వే సమ్మె ఇరవై రోజులు నడిచింది. ధరలు ఏడాదికి ఇరవై శాతానికి మించి పెరుగుతున్న కాలమది. జూలైలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత దానిని చట్టం చేసి, ఉద్యోగులకు కొత్తగా పెరిగే కరువు భత్యంలో సగాన్ని నిర్బంధ డిపాజిట్టుగా పట్టుకున్నది. మన సంఘాలు దానిని తీవ్రంగా వ్యతిరేకించాయి, న్యాయంగానే వ్యతిరేకించాయి. అయినా ఆ చట్టంలో ఒక మాట ఉన్నది: పట్టుకున్న సొమ్ము ఉద్యోగి పేరనే జమ అవుతుంది, ఐదు వార్షిక వాయిదాలలో వడ్డీతో సహా తిరిగి వస్తుంది. కార్మికుల మీద అంత కక్ష గట్టిన కాలంలో కూడా ఆ సొమ్ము ఉద్యోగిదే అని కాగితం మీద వ్రాయక తప్పలేదు. 2020 ఉత్తర్వులో ఆ మాట లేదు. పైగా ఆ కాలానికి బకాయిలు చెల్లించబడవని స్పష్టంగా వ్రాశారు. అప్పుడు తీసుకున్నది అప్పు. ఇప్పుడు తీసుకున్నదానికి ఏ పేరు పెట్టాలో మీరే నిర్ణయించండి.

అదే 2020లో మన రెండు తెలుగు రాష్ట్రాలలో జరిగినది ఇంకొక పాఠం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మార్చి 31న ఉత్తర్వు ఇచ్చి జీతాలలోనూ పెన్షన్లలోనూ కొంత భాగం వాయిదా వేసింది. పెన్షనర్లకు మార్చి నెల పెన్షను సగమే అందింది. ఒక విశ్రాంత జిల్లా న్యాయమూర్తి హైకోర్టుకు వెళ్ళారు. ఆపిన సొమ్మును 12 శాతం వడ్డీతో చెల్లించవలసిందని హైకోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతానికి తగ్గించింది గాని, వడ్డీ చెల్లించవలసిన బాధ్యతను తీసివేయలేదు. తెలంగాణలో కూడా మొదట సగం పెన్షను నిలిపారు, తర్వాత కోతను పావు వంతుకు తగ్గించారు. ఏ చట్టం ప్రకారం ఈ కోత అని హైకోర్టు ప్రశ్నించేసరికి, జూన్ నెలలో హడావిడిగా ఆర్డినెన్సు వచ్చింది. అనగా అంతకుముందు అధికారం లేదని వారికీ తెలుసును.

మరి రాష్ట్ర పెన్షనరుకు వడ్డీ ఎందుకు వచ్చింది, కేంద్ర పెన్షనరుకు అసలు కూడా ఎందుకు రాలేదు? అక్కడ ఆపినది మూల పెన్షను. అది చేసిన సేవకు ప్రతిఫలం, ఆస్తి హక్కు వంటిదని 1971లోనే సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఇక్కడ ఆపినది ఇంకా విడుదల చేయని డియర్‌నెస్ రిలీఫ్. మేము ప్రకటిస్తేనే అది పుడుతుంది, పుట్టనిదానికి బకాయి ఏమిటి అనే వాదం ప్రభుత్వానిది. ఈ వాదం మాకు సమ్మతం కాదు. ధరల సూచిక పెరిగిన రోజుననే అది పుట్టింది. జాతీయ సంయుక్త సంప్రదింపుల మండలిలో ఉద్యోగుల పక్షం ఆ బకాయిలను పదే పదే అడుగుతూనే ఉన్నది. కాని ఈ తేడా మీరు తెలిసియుండాలి. మూల పెన్షనును ముట్టుకోవాలంటే చట్టం కావాలి. రిలీఫును ఆపడానికి ఒక ఉత్తర్వు చాలింది. రాయితీలకైతే అంత కూడా అక్కరలేదు.

రాయితీ అనగానే రైలు గుర్తుకు వస్తుంది. 2020 మార్చి 20 నుండి సీనియర్ పౌరుల ఛార్జీ రాయితీని నిలిపివేశారు. అప్పటివరకు అరవై దాటిన పురుషులకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన స్త్రీలకు 50 శాతం తగ్గింపు ఉండేది. జనం గుమికూడరాదని చెప్పి ఆపిన రాయితీ అది. రైళ్ళు నిండుగా నడుస్తున్నవి. రాయితీ మాత్రం తిరిగి రాలేదు. కనీసం స్లీపరులోనూ, మూడవ తరగతి ఏసీలోనూ పునరుద్ధరించే విషయం పరిశీలించవలసిందని పార్లమెంటరీ స్థాయీ సంఘం సిఫారసు చేసినా ఫలితం లేదు. రైల్వే పెన్షనరుకు పాసు ఉన్నది కనుక ఆయనకు ఈ దెబ్బ అంతగా తగలలేదు. ఈ సంగతి మన రైల్వే మిత్రులు గమనించాలి: తపాలా పెన్షనరుకు పాసు లేదు. ఈ ద్వీపంలో గుండె జబ్బుకో, కాన్సరుకో పెద్ద వైద్యం కావాలంటే ఓడలోనో విమానంలోనో సముద్రం దాటాలి. చెన్నైలోనో విశాఖలోనో దిగి, అక్కడి నుండి బంధువుల ఊరికి రైలెక్కాలి. నెలకిచ్చే వైద్య భత్యం 2017 జూలైలో 500 నుండి 1,000 రూపాయలయింది. ఆ వేయితో ఏ సముద్రం దాటుతారు?

ఇక చట్టం సంగతి. డిసెంబరు 17ను మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటాము. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. డి.ఎస్. నకారా గారు 1972లో రక్షణ శాఖ నుండి రిటైరైన అధికారి. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి తక్కువ, తర్వాత రిటైరైనవారికి ఎక్కువ అనే గీతను కోర్టు చెరిపివేసింది. పెన్షను యజమాని దయ కాదని చెప్పింది. అయితే ఆ తీర్పు సర్వరోగ నివారిణి కాదు. 1990లో కృష్ణకుమార్ కేసులో, ప్రావిడెంట్ ఫండు పద్ధతిలో రిటైరైన రైల్వే ఉద్యోగులకు అది వర్తించదని అదే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక 2025 మార్చిలో ఆర్థిక చట్టంలో ఒక భాగం చేర్చి, రిటైరైన తేదీని బట్టి పెన్షనర్ల మధ్య భేదం పాటించే అధికారం ప్రభుత్వానికి ఉన్నదని, ఉండేదని కూడా, వ్రాసుకున్నారు. ఇది ఉన్న విధానాన్ని ధ్రువీకరించడమే, ఎవరి పెన్షనూ మారదని ఆర్థిక మంత్రి సభలో హామీ ఇచ్చారు. హామీని మేము కాదనము. కాని హామీ సభా రికార్డులలో ఉంటుంది, అధికారం చట్టంలో ఉంటుంది. మరొక సంక్షోభం వచ్చిన రోజున అధికారులు తెరిచి చూసేది రెండవదానినే.

సంక్షోభాలలో ఇతర దేశాలు కూడా ఇదే చేశాయి కదా అని అనేవారున్నారు. చేశాయి. గ్రీసు దేశం 2010 తర్వాత అప్పుల ఒత్తిడితో పెన్షన్లను పలుమార్లు కోసింది. 2012 కోతలు రాజ్యాంగ విరుద్ధమని ఆ దేశపు ఉన్నత పరిపాలనా న్యాయస్థానం 2015లో తేల్చింది. మూడు సంవత్సరాల తర్వాత! ఈలోపల తిన్నదేమిటో, మానుకున్నదేమిటో ఆ వృద్ధులకే తెలియాలి.

ఇప్పుడు ఈ సభలో వెనుక నిలబడియున్న యువ ఉద్యోగులతో ఒక మాట. ప్రతి నవంబరులోనూ జీవన ప్రమాణ పత్రం కోసం వృద్ధుల ఇళ్ళకు వెళ్ళేది మీరే. 2020 నుండి తపాలా పేమెంట్స్ బ్యాంకు ఈ సేవను 70 రూపాయల రుసుముతో ఇంటి వద్దనే అందిస్తున్నది. అదే సంవత్సరం ఆగస్టులో చెన్నై నుండి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక మీ పని కొంత తేలికైనది. అయితే 2004 జనవరి 1 తర్వాత నియమితులైన పోస్ట్‌మన్, ఎనభై ఏళ్ళ పెద్దాయన బొటనవేలు పట్టుకొని పరికరం మీద అద్దుతున్నప్పుడు, ఆయనకున్న పెన్షను తనకు లేదని తెలిసి అద్దుతున్నాడు. తన సొమ్ము మార్కెట్టు మీద ఆధారపడిన జాతీయ పెన్షను పథకంలో ఉన్నది. 2025 ఏప్రిల్ నుండి వచ్చిన ఏకీకృత పథకం ఇరవై ఐదు సంవత్సరాల సర్వీసుకు చివరి పన్నెండు నెలల సగటు మూల వేతనంలో సగం ఇస్తామన్నది. అది మన పోరాటపు ఫలమే, కాని ఉద్యోగి చందా మాత్రం పోలేదు. గ్రామీణ డాక్ సేవకునికైతే ఇదీ లేదు, అదీ లేదు. ఇక్కడ రోజుకూలీ మజ్దూరుగా ఏళ్ళ తరబడి పనిచేసి, 2004 గడిచాక రెగ్యులరు అయినవారి బాధ వేరే చెప్పనక్కరలేదు. పాత పెన్షనరు హక్కు బలహీనపడితే మీకు లాభం రాదు. మీరు అడగబోయేదానికి కొలబద్ద ఆయన పెన్షనే.

ఎనిమిదవ వేతన సంఘం పని మొదలయింది. 2025 నవంబరులో ప్రకటించిన దాని పరిశీలనాంశాలలో, ఉద్యోగుల చందా లేని పెన్షను పథకాలకు నిధి సమకూర్చని వ్యయం అనే మాట ఉన్నది. అనగా మీ పెన్షనును ఒక భారంగా లెక్కలో వేసి చూడమన్నారు. ఆ మాటను తొలగించాలని సంఘాలు ఇప్పటికే అభ్యంతరం చెప్పాయి. మనం సమర్పించే వినతిపత్రంలో దానితోపాటు రెండు కోర్కెలు ఉండాలని మేము కోరుతున్నాము. ఏ సంక్షోభంలోనైనా రిలీఫును నిలిపితే అది పెన్షనరు పేరున జమ కావాలి, తిరిగి చెల్లించే తేదీ ఆ ఉత్తర్వులోనే ఉండాలి. 1974 చట్టంలో సాధ్యమైనది నేడు ఎందుకు సాధ్యం కాదు? రెండవది, ఆ పద్దెనిమిది నెలల బకాయి, ముందుగా కుటుంబ పెన్షనర్లకు.

వేతన సంఘం ముందు ఆవేదన కన్న అంకె ఎక్కువ పనిచేస్తుంది. అందుచేత ప్రతి శాఖ ఒక పట్టిక తయారుచేయాలి: పెన్షను చెల్లింపు ఉత్తర్వు సంఖ్య, 2020 జనవరినాటి మూల పెన్షను, దానికి 132 శాతం. ఆ మధ్యకాలంలో మరణించినవారి పేర్లు విడిగా వ్రాయండి, వారి వారసుల సంతకంతో. హట్‌బే, రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ మిత్రులు ఓడ కోసం ఆగనక్కరలేదు. తపాలాలో పంపితే చాలు. నమూనా కాగితాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నవి. కళ్ళు సరిగా కనిపించని పెద్దలకు మన తపాలా మిత్రులు ఇక్కడనే కూర్చొని పూర్తిచేసి ఇస్తారు.