పేరు ఎవరికి అమ్మాలి?

దొరవారిసత్రం పక్కనే నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది. శీతాకాలంలో గూడబాతులను చూడటానికి వచ్చేవాళ్లు బస కోసం ఫోన్‌లోనే వెతుకుతారు. అక్కడ అతిథిగృహం నడిపేవారికి ఊరిపేరుతో ఉన్న చిన్న డొమైన్, అంటే వెబ్‌సైట్ చిరునామా, నిజంగా అక్కరకొస్తుంది. డొమైన్లు అమ్మేవాళ్లు పట్టుకోవలసింది ఇలాంటివారినే. సాటి వ్యాపారి మళ్లీ అమ్ముకోవడానికే కొంటాడు కనుక ధర తెగ్గోస్తాడు.

చేతిలో వంద పేర్లున్నా జాబితా మొత్తం పంపితే ఎవరూ చదవరు. ఒక్కో పేరుకు సరిపోయే నాలుగైదు సంస్థలను ఎంచుకుని, ఆ ఒక్క పేరు గురించే రెండు మూడు వాక్యాల్లో, ధరతో సహా రాయాలి. బేరం కుదిరాక సొమ్ము ముందు మధ్యవర్తిగా ఉండే ఎస్క్రో సంస్థ దగ్గర జమవుతుంది. అమ్మినవారు పేర్లు నమోదు చేసే రిజిస్ట్రార్ దగ్గర పేరుకున్న లాక్ తీసి, బదిలీ కోడ్ ఇస్తారు. పేరు చేతులు మారాకే డబ్బు అందుతుంది.

ఇందులో చట్టం గీసిన గీత ఒకటుంది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా మొదలైన సత్యం ఇన్ఫోవే 1999లో సిఫీనెట్ డాట్ కామ్ వంటి పేర్లు నమోదు చేసుకుంది. తర్వాత మరో సంస్థ ఒక ‘ఎఫ్’ అదనంగా చేర్చి సిఫ్ఫీనెట్‌గా వచ్చింది. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కు లాంటి రక్షణ ఉంటుందంటూ 2004 మేలో సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పిచ్చింది.

అందుకే పేరుమోసిన బ్రాండ్ల జోలికి పోకుండా ఊళ్లు, పంటలు, సరుకుల పేర్లు కొనిపెట్టుకున్నవారు కొనుగోలుదారు ఎదుట ధైర్యంగా ధర చెప్పగలరు.