పేరెరుగని ఆటలు

2024వ సంవత్సరములో స్టీమ్ అను ఒక్క విపణిలోనే 18,000కు పైగా క్రొత్త వీడియో ఆటలు వెలువడినవి. అనగా దినమునకు సుమారు 50. ఉద్యోగము, నిద్ర, భోజనము మాని ఆడుచు కూర్చున్నను ఒకనాటి ఆటలను ఒక వారములో ముగించుట ఎవరి తరమును కాదు. వీనిలో మన చెవిని బడు పేర్లు ఏటికి పదియో పదునైదో. తక్కిన వేలకొలది ఆటలు ఏమగుచున్నవి? వానిలో మంచివి లేవా? ఉన్నచో మనకు తెలియుట యెట్లు? ఈ పూట మేము ముచ్చటింపదలచినది ఈ సంగతియే.

పెద్ద సంస్థల పెట్టుబడి లేకుండ ఒకరో ఇద్దరో, మించినచో పదిమందియో కలిసి చేసిన ఆటలను నేడు ఇండీ ఆటలనుచున్నారు. స్వతంత్ర నిర్మాతల ఆటలని మనము చెప్పుకొనవచ్చును. పెద్ద సంస్థ ఒక ఆటకు వందలమంది పనివారిని నియోగించును; ప్రకటనలకు వెచ్చించు ధనము వేరు. ఇండీ నిర్మాతకు ఆ వసతి లేదు. పగటి ఉద్యోగము ముగించుకొని రాత్రివేళ చేసినవాడు కొందరిలో నొకడు. ఉన్న ఉద్యోగమును వదలి కూడబెట్టిన సొమ్ముతో చేసినవాడు మరియొకడు. నోటిమాటయే వారికి ప్రకటన.

మన పల్లెలలో అరుగుబండలమీద పులిజూదము గీతలు చెక్కియుండుట చాలమంది చూచియుందురు. ఆ ఆటను కల్పించినదెవరో తెలియదు. దానినెవరును అమ్మలేదు. తాతయో మేనమామయో ప్రక్కన కూర్చుండబెట్టుకొని “ఇదిగో, మూడు పులులు, పదిహేను మేకలు” అని నేర్పినందువలననే అది మన కాలమువరకు వచ్చినది. విద్యుద్యంత్రములమీద ఆడు ఆటలకు ఈ పద్ధతి వర్తింపదని తోచవచ్చును. కాని వర్తించినది.

జపానులో డైసుకే అమాయా అను యువకుడు ఐదేండ్లపాటు తీరికవేళలలో ఒంటరిగా ఒక ఆటను నిర్మించెను. కథ, బొమ్మలు, సంగీతము, కంప్యూటరునకు ఇయ్యవలసిన ఆదేశములు, సమస్తమును అతని చేతిమీదుగనే జరిగినవి. 2004 డిసెంబరులో దానిని ఉచితముగా విడుదల చేసెను. ఆంగ్లములో దానికి ‘కేవ్ స్టోరీ’ యని పేరు. ఆట జపానుభాషలో నుండుటచేత ఇతరదేశములవారికి అది కొరుకుడు పడదు. అప్పుడు దానినాడి ముగ్ధులైన కొందరు ఔత్సాహికులు, ప్రతిఫలమాశింపక, ఆంగ్లములోనికి అనువదించి అందరికి అందుబాటులో నుంచిరి. 2010లో అది నింటెండో వారి యంత్రముమీద అమ్మకమునకు వచ్చునాటికే దాని కీర్తి దేశదేశముల వ్యాపించియున్నది. నేడు ఇండీ ఆటల చరిత్రను చెప్పువారెవరును ఆ పేరును విడువరు. ఆ అనువాదకులు లేకున్నచో అది ఒక దేశములోని కొలదిమంది ముచ్చటగనే మిగిలియుండెడిది.

మరియొక ఆట సంగతి ఇంకను విచిత్రము. ‘అమాంగ్ అస్’ పేరు ఇప్పుడు బడిపిల్లలందరు ఎరుగుదురు. ఓడలోని సహచరులలో దొంగయెవడో కనిపెట్టు ఆట యది. అమెరికాలోని ఇన్నర్‌స్లోత్ అను చిన్న సంస్థ దీనిని 2018 జూనులో విడుదల చేసినది. ఆనాడు పట్టించుకొన్నవారు బహుస్వల్పము. రెండేండ్లు గడచినవి. 2020లో మహమ్మారివలన లోకము ఇండ్లలో బందీయైయున్న కాలమున, తామాడు ఆటలను ప్రత్యక్షముగా ప్రసారము చేయువారు దక్షిణ కొరియాలోను, బ్రెజిల్‌లోను, తరువాత అమెరికాలోను దీనిని చేపట్టిరి. కొలదినెలలలో కోట్లమంది ఆడసాగిరి. నిర్మాతలు రెండవభాగమును తలపెట్టియుండియు దానిని విరమించి, పాత ఆటనే బాగుచేయ పూనుకొనిరి. ఇది కేవలము అదృష్టమని కొందరందురు. అదృష్టము లేదని మేమనము. కాని ఆ రెండేండ్లును ఎక్కడెక్కడనో ఉన్న కొలదిమంది ఆటగాండ్రను నమ్ముకొని నిర్మాతలు ఆటను సరిదిద్దుచునే యుండిరన్నది మరువరాదు. అదృష్టము తలుపు తట్టునప్పటికి ఇంట దీపము వెలుగుచున్నది.

విపణియే మనకు తగిన ఆటలను సూచించును గదా యని యొక ప్రశ్న. సూచించును. మనము కొన్నవేవో, మనవంటి రుచిగలవారు కొన్నవేవో చూచి యంత్రము ఒక జాబితా నిచ్చును. దానివలన మాకును కొన్ని మంచి ఆటలు దొరకినవి. ఆ మాట దాచుట న్యాయము కాదు. కాని యంత్రమునకు ఆధారములు కావలెను. ఎవరును కొనని ఆటను గూర్చి అదేమి చెప్పగలదు? 2017నుండి 100 డాలర్లు చెల్లించినవారెవరైనను తమ ఆటను స్టీమ్‌లో పెట్టవచ్చును. ఇది పేదనిర్మాతకు మేలే. అయితే జనసమ్మర్దము పెరిగినది. ఆట కొన్నవారి సమీక్షలు 10కి చేరువరకు దాని పేరు ప్రక్కన బాగున్నదని గాని బాగులేదని గాని మొత్తముమీది తీర్పు కనబడదు. పదిమంది చెప్పినదాక పదకొండవవాడు కదలడు. ఆ మొదటి పదిమంది ఎక్కడినుండి వత్తురన్నదే అసలు చిక్కు.

దీనికి తోడు ఇంకొకటి. కొన్న 14 దినములలోపల, రెండుగంటలకు తక్కువగా ఆడియున్నచో, ఆటను తిరిగియిచ్చి డబ్బు పుచ్చుకొనవచ్చునను నియమము కలదు. కొనువానికిది మంచి రక్షణయే. కాని గంటన్నరలో ముగియు చిన్న ఆటను మొదటినుండి చివరివరకు ఆడి, ఆనందించి, డబ్బు వెనుకకు తీసికొనుటకును ఇదే నియమము దారి యిచ్చుచున్నది. 2021లో ఎమికా గేమ్స్ అను పేరున పనిచేయు నిర్మాత యొకడు, తన పొట్టి ఆటకు ఇట్లే జరుగుచున్నదని, ఇకమీదట ఆటల నిర్మాణమును నిరవధికముగా నిలుపుచున్నానని ప్రకటించెను. భోజనము చేసి, చేయి కడుగుకొని, బాగున్నదని మెచ్చుకొని పైకము వెనుకకు అడుగువానిని మన పూటకూళ్లవారు ఏమందురో శ్రోతలు ఊహించుకొనగలరు.

వెదకుటకు దారులు లేకపోలేదు. ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ అను పోటీ అమెరికాలో 1999నుండి ఏటేట జరుగుచున్నది. అందలి ప్రథమ బహుమతికి షేమస్ మెక్‌నాలీ అను యువకుని పేరు పెట్టిరి. ఆ పేరు వెనుక కథ యున్నది. కెనడాలో ఒక కుటుంబము, తలిదండ్రులు, అన్నదమ్ములు కలిసి, చిన్న సంస్థగా ఏర్పడి ఆటలు చేయుచుండిరి. మన సురభి నాటక కుటుంబములను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ఆ యింటి కుమారుడే షేమస్. కాన్సరు పీడించుచున్నను అతడు ‘ట్రెడ్ మార్క్స్’ అను ఆటను పూర్తిచేసెను. 2000 మార్చిలో ఆ ఆటకు ఆ పోటీలో ప్రథమ బహుమతి వచ్చినది. బహుమతి నందుకొన్న కొలదిదినములకే, ఆ నెలలోనే, 21 ఏండ్ల ప్రాయమున అతడు మరణించెను. ఆ పోటీలో ఏటేట ఎంపికైన ఆటల జాబితాను మేము తప్పక చూతుము. బహుమతి పొందినవానికంటె పొందక నిలిచినవానిలోనే మాకు ఎక్కువ నిధులు దొరకినవి.

మరి రెండు దారులు. స్టీమ్‌లో ఏటికి మూడుమారులు ‘నెక్స్ట్ ఫెస్ట్’ అను వారోత్సవము జరుగును. రాబోవు ఆటల నమూనాలను ఉచితముగా ఆడి చూడవచ్చును. 2013లో వెలసిన ఇచ్ ఐఓ అను మరియొక విపణిలో ఆటకు కనీస ధర నిర్మాతయే నిర్ణయించును. తనకు తోచినంత అధికముగా ఇచ్చుట కొనువాని యిష్టము. అక్కడ పదినిమిషముల ఆటలు కూడ కలవు. చెత్తయు కలదు. సంతలో తిరుగు ఓర్పుతో తిరుగవలెను.

కనుగొనుట ఒక యెత్తు. ఒకరికి సిఫారసు చేయుట మరియొక యెత్తు. ఇందులో మేమొక పొరపాటు చేసితిమి.

ల్యూకస్ పోప్ అను నిర్మాత 2013లో వెలువరించిన ‘పేపర్స్, ప్లీజ్’ మాకు మిక్కిలి యిష్టమైన ఆట. ఆర్‌స్టోట్‌స్కా యను కల్పితదేశపు సరిహద్దులో మనము తనిఖీ ఉద్యోగులము. వచ్చువారి పాస్‌పోర్టులు, అనుమతిపత్రములు, తేదీలు, ముద్రలు సరిచూచి లోనికి విడువవలెను, లేదా త్రిప్పిపంపవలెను. ఎందరిని సరిగా పరిశీలించినచో అంత జీతము. ఆ జీతముతోనే ఇంటి అద్దె, తిండి, చలికి వేడిమి, బిడ్డకు జబ్బు చేసినచో మందు. ఒకప్పుడొక భర్త వచ్చును. కాగితములన్నియు సరిగానే యున్నవి. వెనుకనే భార్య వచ్చును. ఆమెకు ఒక పత్రము లేదు. విడువవలెనా? విడిచిన తప్పు మన లెక్కలో పడును. ఉపన్యాసము లేకుండ, కన్నీటి సంగీతము లేకుండ, ముద్రవేయు చేతిని వణకించు ఆట యది.

అకౌంట్సు విభాగములోని మా మిత్రులొకరికి దీనిని ఉత్సాహముతో చెప్పితిమి. నాలుగుదినముల తరువాత వారు వచ్చి, “ఏమండీ, పగలంతా వోచర్లలో తేదీలూ సంతకాలూ సరిచూసి ఇంటికి వెళ్తే, మళ్లీ పాస్‌పోర్టుల్లో తేదీలు సరిచూడమంటారా? మీకు నామీద ఏమైనా కోపమా?” అనిరి. నవ్వితిమి గాని తప్పు మాదే. ఆట మంచిదన్నది మాత్రమే చూచితిమి. ఎవరికి చెప్పుచున్నామో చూడలేదు. మందుల పేర్లు తెలిసినంతమాత్రమున వైద్యుడు కాడు గదా.

ఈసారి వారిని కొన్ని ప్రశ్నలడిగితిమి. ఎంత తీరిక యుండును? ఓడిపోయినచో విసుగు కలుగునా? కథ కావలెనా, పజిలు కావలెనా? ఆదివారము మధ్యాహ్నము ఒక గంట, గంటన్నర మాత్రము తీరికయని, చంపుకొనుటలు వలదని, మనసుకు చల్లగా నుండవలెనని చెప్పిరి. ఆడమ్ రాబిన్సన్-యూ అను కెనడా యువకుడు 2019లో చేసిన ‘ఎ షార్ట్ హైక్’ను చెప్పితిమి. క్లేర్ అను చిన్న పక్షిపిల్ల పిన్నమ్మతో కలిసి కొండలున్న వనమునకు వచ్చినది. ఒక ముఖ్యమైన ఫోను కొరకు ఎదురుచూచుచున్నది. సిగ్నలు కొండశిఖరముమీద తప్ప దొరకదు. ఎక్కవలెను. దారిలో బంగారు ఈకలు దొరకును, మనుష్యులవలె మాటలాడు ప్రాణులు తారసపడును, చేపలు పట్టవచ్చును, శిఖరమును మరచి తిరుగనువచ్చును. ఆ ఫోను ఎవరిదో మేము చెప్పము.

వారి కుమార్తెకు ‘వెణ్బా’ను సూచించితిమి. టొరాంటోలోని విసై గేమ్స్ వారు 2023లో వెలువరించిన ఆట యిది. మరుసటి సంవత్సరము మేము చెప్పిన మెక్‌నాలీ బహుమతిని పొందినది. 1980ల చివర కెనడా చేరిన ఒక తమిళ దంపతుల కథ. పుట్టింటినుండి తెచ్చుకొన్న వంటల పుస్తకములో అక్షరములు చెరిగిపోయినవి, కాగితములు చినిగినవి. మిగిలిన మాటలను బట్టి ఇడ్లీలెట్లు వేయవలెనో మనము ఊహించి చేయవలెను. కుమారుడు పెరుగును, తల్లి తమిళములో పలుకరించును, అతడు ఆంగ్లములో బదులు చెప్పును. డల్లాసులోని, న్యూజెర్సీలోని తెలుగు ఇండ్లకు ఈ సంభాషణ క్రొత్తది కాదు. ఒక్క లోపము చెప్పవలెను: వంటల పజిళ్లు మరీ సులభములు, ఆటయు త్వరగా ముగియును. ఇడ్లీ పాత్ర నెరిగిన ఇంటివారికి ఇంకను సులభము. ఈ లోపమును మేము ముందుగనే చెప్పితిమి. లోపము చెప్పని సిఫారసును మేమును నమ్మము.

రెండు వారములు గడచినవి. మిత్రులు ఒక సోమవారమునాడు మా బల్లవద్దకు వచ్చి కూర్చుండిరి. కొండ ఎక్కితినని, దిగుటకు మనసు రాలేదని, రెండవమారు ఎక్కితినని చెప్పిరి. డబ్బు వెనుకకు తీసికొన్నారా యని వేళాకోళమాడితిమి. ఆయన నొచ్చుకొని, “ఛ, ఛ! నాలుగు వాక్యాలు సమీక్ష కూడా రాశానండీ” అనిరి. కుమార్తె సంగతి అడిగితిమి. ఆమె వెణ్బాను ఒక్కరాత్రిలో ముగించి, బెంగుళూరులోనున్న స్నేహితురాలికి చెప్పినదట. ఆ స్నేహితురాలు బదులుగా మరియొక ఆట పేరు పంపినదట. మిత్రులు జేబులోనుండి వోచరు వెనుక వ్రాసుకొన్న ఆ పేరును తీసి మాకు చూపిరి. మేము దానిని వినియుండలేదు. విపణిలో చూచితిమి: సమీక్షలు ఆరు. ఈ ఆదివారము ఆడవలెనని యున్నాము.