‘మొదటి’ అనే మాట వెనక



అమెరికాలో నల్లజాతి వీరుల గురించి పిల్లల పుస్తకాలు ఇవాళ చాలానే వస్తున్నాయి. ఒకప్పుడు వెతికినా దొరికేవి కావు. 1965లో నాన్సీ లారిక్ అనే ఆవిడ లెక్క తీసింది. అంతకుముందు మూడేళ్లలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలు చూస్తే, నల్లజాతి మనిషి కనిపించినవి 349 మాత్రమే!

ఆ లోటు పూడుతోంది, సంతోషమే. కానీ ఈ పుస్తకాల్లో ఒక మాట దగ్గర కాస్త ఆగండి. ‘మొదటి’ నల్లజాతి డాక్టర్, ‘మొదటి’ నల్లజాతి పైలట్ అంటారు. అంతకుముందు చేతనైనవాళ్లు లేకనా? రానివ్వలేదు! తలుపు మూసిందెవరో చెప్పకుండా, తోసుకొచ్చిన వాళ్లను మాత్రమే పొగిడితే అది సగం చరిత్రే.

రూబీ బ్రిడ్జెస్‌నే తీసుకోండి. 1960 నవంబర్ 14న న్యూ ఆర్లీన్స్‌లో తెల్లపిల్లల బడిలో అడుగుపెట్టినప్పుడు ఆమెకు ఆరేళ్లు. పక్కన ఫెడరల్ మార్షల్స్, ఎదురుగా తిట్టిపోస్తున్న గుంపు. తెల్లవాళ్లు తమ పిల్లల్ని బడి మాన్పించారు. ఏడాదంతా ఆ తరగతిలో ఒక టీచరమ్మ, ఒక్క రూబీ. వాళ్ల నాన్న ఉద్యోగం ఊడింది. 1999లో రూబీయే ఇదంతా పిల్లల కోసం ఫొటోలతో సహా పుస్తకంగా తెచ్చింది. అరుస్తున్న ఆ మొహాలను దాచలేదు.

ఇలాంటి కథ మీ పిల్లలకు చదివి వినిపిస్తే, ‘ఎంత ధైర్యమో!’ అని ఆపేయకండి. బడికెళ్లడానికి ఆరేళ్ల పిల్లకు అంత ధైర్యం ఎందుకు కావాల్సొచ్చిందో అడగండి. జవాబు వాళ్లనే వెతకనివ్వండి.