వేయిపడగలు - నా సగం చదువు

రిటైరయ్యాక చదివిన పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మెచ్చుకుంటాననుకుని పిలిచారేమో, ముందే క్షమించమంటున్నాను.

యూనివర్సిటీ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళతో గడిపాను. ఆ ముప్ఫై ఏళ్ళూ క్యాంటీన్లో టీ తాగేటప్పుడు మా సెక్షన్ మిత్రుడిది ఒకటే మాట: "వేయిపడగలు చదవనివాడు తెలుగువాడే కాదోయ్!" విశ్వనాథవారు దాన్ని 29 రోజుల్లో ఆశువుగా చెప్పారనీ, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'తో పంచుకుందనీ, పి.వి. నరసింహారావుగారు హిందీలోకి అనువదించారనీ పుస్తకం తెరవకముందే నాకు కంఠతా వచ్చేసింది. పదవీ విరమణ రోజున శాలువాతోపాటు ఆ పుస్తకమే నా చేతిలో పెట్టాడు.

తార్నాకలో మా ఇంటి వరండాలో కూర్చుని మొదలుపెట్టాను. సుబ్బన్నపేట, సుబ్రహ్మణ్యేశ్వరుడు, పాములాంటి ఆ పసిరిక! పసిరిక వచ్చిన చోటల్లా కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాను. గొడవంతా ధర్మారావుతోనే. ఆయన నోరు విప్పితే కథ ఆగిపోతుంది. ఎదుటివాడు రెండు ముక్కలంటాడు, ఈయన పేజీలకు పేజీలు చెబుతాడు. మా ఆఫీసు మీటింగులు ఇంతకన్నా నయం, ఒక్కడైనా గట్టిగా ఎదురు చెప్పేవాడు.

చదువు మన భాషలో ఉండాలన్న మాటకు తలూపాను. 1918లో మొదలైన మన ఉస్మానియాలో పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. దేశభాషలో పెద్ద చదువులు సాగుతాయని చూపింది మన క్యాంపసే. కాని తెలుగు పిల్లలకు అదీ పరాయి భాషే కదా! ఇలాంటి చిక్కులు ఉపన్యాసాల్లో ఇమడవు.

కొత్త చదువుల మీద, కొత్త పోకడల మీద విసుర్లు ఎక్కువయ్యేసరికి పుస్తకం మూసేశాను. మా నాన్న వేలిముద్ర మనిషి. మా అమ్మాయి ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కిన రోజున మా ఆవిడ కిందనే నిలబడి సంతోషంతో ఏడ్చింది. ఆ చదువును పతనమనుకోవడం నా వల్ల కాలేదు.

చిత్రమేమిటంటే, మా అమ్మాయి అదే పుస్తకం తీసుకెళ్ళి ఆఖరు దాకా చదివింది. "నాన్నా, ఆయనతో నాకూ పడలేదు. కాని అరుంధతి పోయే దాకానైనా చదవాల్సింది" అంది. నేను గుర్తుగా పెట్టిన బస్సు టికెట్టును ఉన్నచోటే ఉంచి తిరిగి ఇచ్చింది.

మా మిత్రుడు "పూర్తయిందా?" అని అడిగినప్పుడల్లా "అవుతోంది" అంటూ వచ్చాను. ఇవాళ మొదటి వరుసలోనే కూర్చున్నాడు. ఏమోయ్, ఆ టికెట్టు ఇంకా అక్కడే ఉంది. రేపు సాయంత్రం టీకి రా, పోట్లాడుకుందాం.