నామమెరిగి రూపమెరుగని విద్య

(ధర్మవరంలో భక్తుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేడు ఒక చిన్న మొక్కను గూర్చి, దాని మూలంగా నాకు కలిగిన గర్వభంగాన్ని గూర్చి విన్నవించుకుంటాను.

హిందూపురంలో పిల్లలకు అమరకోశం పాఠం చెప్పే రోజులవి. వనౌషధి వర్గంలో ముస్తకు ‘మేఘనామ’ అని పేరు వస్తుంది. మేఘానికి ఉన్న పేర్లన్నీ ఈ మొక్కకూ చెల్లుతాయని ఉత్సాహంగా వివరించాను. ఈ ప్రాంతపు రైతుబిడ్డ ఒకడు లేచి, “అయ్యవారూ, ముస్త ఎట్లుంటుంది?” అన్నాడు. “ఓషధి నాయనా, అడవుల్లో ఉంటుంది” అని దాటవేశాను. కాళిదాసు శాకుంతలంలో అడవిపందులు మడుగుల్లో ముస్తలను పెకలించే ఘట్టం నాకు కంఠస్థమే. మొక్కను మాత్రం ఎరుగను.

సెలవులకు ఊరికి పోయివచ్చిన ఆ బాలుడు వేళ్లతో సహా ఒక మొక్కను తెచ్చి నా ముందుంచాడు. “వైద్యుణ్ణి అడిగినానండీ, ఇదేనంట. మా శనక్కాయ చేన్లో అమ్మ దినామూ పీకేది ఇదే.”

అది తుంగ! పెనుకొండలోని మా ఇంటి పెరటి నుండి ఏటేటా కూలి ఇచ్చి నేను పెరికించిన తుంగ! “నాయనా, నాకు తెలియలేదు. నేడు నీవే నాకు గురువు” అన్నాను.

అప్పటి నుండి మా పెరట్లో ఒక కుండీ తుంగదే. దీనిని నేలలో నాటరాదు. మట్టిలో సన్నని వేళ్ల వంటి తీగలపై గడ్డ వెంట గడ్డ వేస్తూ పాకుతుంది. ఒకటి పీకితే మరొకటి మొలుస్తుంది. రైతు దీనిని కలుపని నిందించడం న్యాయమే. కుండీని రాతిబండపై ఎండలో ఉంచి, మన్ను తడి ఆరకుండా చూస్తే చాలు. పూలకాడను వేళ్ల నడుమ తిప్పి చూడండి. గుండ్రంగా కాక మూడు అంచులు తగులుతాయి. గడ్డను విరిస్తే సువాసన వస్తుంది. జ్వరంలో దాహానికి ఆయుర్వేదం చెప్పిన షడంగ పానీయంలో ముస్త ఒకటి, ధూపద్రవ్యాల్లోనూ చేరుతుంది. మందుగా మాత్రం వైద్యుణ్ణి అడిగే వాడాలి.

వానలకు ముఖం వాచిన మన సీమలో ఈ గడ్డ వేసవి అంతా నేలలో అణగి ఉండి, తొలకరికి తల ఎత్తుతుంది. మేఘం పేరు దీనికి ఎంత తగినదో ఆ చిగురు చూసిన నాడు నాకు బోధపడింది.

మనం నిత్యం సహస్రనామాలు పఠిస్తాం. వాటిలో రోజుకొక్క నామానికైనా అర్థం విచారించండి. పసివాడు ప్రశ్నిస్తే నావలె దాటవేయకండి. “నాకు తెలియదు, కలిసి చూద్దాం రా” అనండి.

స్వస్తి.