మన వెబ్‌సైటులో సభ్యుల గది: ఏది లోపల, ఏది బయట

 

వెబ్‌సైటు పని చూసేవాళ్లుగా మాకు పదిహేను నిమిషాలు ఇచ్చినారు. కంప్యూటర్ మాటలు తక్కువ వాడతాం. అర్థం కాకుంటే మధ్యలోనే ఆపి అడగండి.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మన కుటుంబాల డైరెక్టరీని, పెళ్లి సంబంధాల వివరాలను లోకమంతా చూసేటట్టు మేమే పెట్టినాం. ఇంటి పెద్ద పేరు, ఊరు, ఫోన్ నంబరు, పిల్లల ఫోటో, పుట్టిన తేదీ, గోత్రం, జీతం, అన్నీ ఉన్నాయి అందులో. నలుగురికి ఉపయోగం అనుకున్నాం. కొన్నాళ్లకు ఒక అక్క ఫోన్ చేసింది. "ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారయ్యా, మా పిల్ల ఫోన్ ఎత్తాలంటేనే భయపడుతోంది" అని. ఇంకో ఇంట్లో పెద్దాయనకు, నేత పథకం డబ్బు వచ్చింది, ఓటీపీ చెప్పమని ఫోన్ వచ్చింది. పేరు, ఊరు, ఇంటి పెద్ద ఎవరనేది సరిగ్గా చెప్పేసరికి ఆయన నమ్మినాడు. కొడుకు పక్కన ఉండబట్టి డబ్బు పోలేదు. ఆ వివరాలు మన డైరెక్టరీ నుంచే పోయినాయని రుజువు లేదు. కానీ తలుపు తీసిపెట్టింది మేమే. పెద్దలు మన్నించాలి.

మరి డైరెక్టరీయే తీసేస్తే సరిపోదా అని కొందరు అన్నారు. ఆలోచించినాం. 1956 నవంబరు 1 దాకా గద్వాల, అలంపూరు తాలూకాలు మన రాయచూరు జిల్లాలోనే ఉండేవి. రాష్ట్రాలు విడదీసినప్పుడు అవి అటుపోయినాయి, మనం ఇటు ఉండిపోయినాం. గీత పడింది గానీ పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఆగలేదు. ఈరోజు మన పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో ఉన్నారు. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. కాబట్టి డైరెక్టరీ ఉండాలి. కాకపోతే ఇంటి లోపల ఉండాలి.

అందుకే ఈ ఏడాది సభ్యుల లాగిన్ పెడుతున్నాం. దేన్ని లోపల పెట్టాలి, దేన్ని బయట ఉంచాలి అని చాలాసేపు వాదులాడుకున్నాం. చివరికి ఒక మాట మీద నిలబడినాం: మన మనుషుల గురించిన సమాచారం లోపల, మన మనుషుల కోసం ఉన్న సమాచారం బయట. ఫోన్ నంబర్లు, పెళ్లి వివరాలు, ఎవరికి ఎంత సాయం చేసినామో ఆ లెక్క లోపల. ప్రభుత్వ పథకాలు, చేనేత ముద్ర రుణం సంగతి, నేతకారుల గుర్తింపు కార్డు సంగతి, స్కాలర్‌షిప్ కడపటి తేదీలు, ఇవన్నీ లాగిన్ లేకుండానే కనిపిస్తాయి.

చందా కట్టనివాళ్లకు పథకాల పేజీలు కూడా మూసేయండి, అప్పుడే కడతారు అని ఒక సూచన వచ్చింది. మేము ఒప్పుకోలేదు. చందా కట్టలేని ఇల్లే ఆ పథకం అందాల్సిన ఇల్లు. తాళం వేసేది మోసగాడికి. మన పేదవాడికి వేయకూడదు.

ఇక పని ఎట్లా జరుగుతుందో చెప్తాం. వెబ్‌సైటులో రాతలు, ఫోటోలు పెట్టడానికి, మార్చడానికి వాడే సాఫ్ట్‌వేర్‌ను కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. మనం వాడేది వర్డ్‌ప్రెస్. 2003లో మొదలైంది, ఉచితం. సొసైటీలో అధ్యక్షుడు, కార్యదర్శి, మామూలు సభ్యుడు ఉన్నట్టే అందులో ఐదు హోదాలు ఉంటాయి: అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్. మీకందరికీ ఇచ్చేది చివరిది. దానితో మీ సొంత వివరాలు తప్ప వేరే ఏదీ మార్చలేరు. మొత్తం తాళంచెవి, అంటే అడ్మినిస్ట్రేటర్ హోదా, ఇద్దరికే. వాళ్లు పదవి దిగిన రోజే అది కూడా అప్పగించాలి.

ఇందులో మేము పడబోయిన గుంతలు నాలుగు ఉన్నాయి. వేరే ఊళ్ల సంఘాలవాళ్లు కూడా ఈ సంచిక చదువుతారు కాబట్టి చెప్తున్నాం.

ఒకటి, పేజీకి ఒకటే పాస్‌వర్డ్ పెట్టి అందరికీ చెప్పడం. చాలా సులభం. కానీ సాయంత్రానికి అది ఏ వాట్సాప్ గ్రూపులోనో తిరుగుతుంది. ఎవరు బయటపెట్టినారో తెలియదు. అందుకే మనిషికో లాగిన్.

రెండు, వర్డ్‌ప్రెస్‌లో 'ప్రైవేట్' అనే వీలు ఉంది. అది నొక్కితే ఆ పేజీ నిర్వాహకులకు, ఎడిటర్లకు కనిపిస్తుంది గానీ మామూలు సభ్యులకు కనిపించదు. సభ్యులకు చూపించి బయటివాళ్లకు ఆపాలంటే ప్లగిన్ అనే అదనపు సాధనం కావాలి.

మూడు, మెనూలో పేరు తీసేసి, దాచేసినాం అనుకోవడం. పేరు పోయినా లింకు బతికే ఉంటుంది. తెలిసినవాడు నేరుగా వెళ్తాడు.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. పేజీకి తాళం వేసినా, దానిలో పెట్టిన పీడీఎఫ్, ఫోటో వేరే అరలో ఉంటాయి. ఆ ఫైలు లింకు తెలిస్తే లాగిన్ లేకుండానే తెరుచుకుంటుంది. ముందు వాకిలికి గడియ పెట్టి పెరటి తలుపు మరిచినట్టు. ఆ ఫైళ్లకు విడిగా కాపలా పెట్టాలి. మేము లాగౌట్ చేసి, వేరే ఫోన్‌లో ఆ లింకులను ఒక్కొక్కటే నొక్కి చూసినాం. మీరూ అట్లే చూడండి.

పాత పీడీఎఫ్‌ను తీసేసినాం, గూగుల్ వెతుకులాటలోంచి తొలగించమని కోరినాం. కానీ ఇంతకుముందే దించుకున్నవాళ్ల దగ్గర ఉన్నదాన్ని మేము వెనక్కి తేలేం. అందుకే బాధపడిన కుటుంబాలు నంబరు మార్చుకుంటే వెంటనే చెప్పండి.

కొత్త డిజైన్ల మాట. మంచి అంచు ఒకటి నేస్తే ఫోటో తీసి పెట్టాలని అందరికీ ఉబలాటం. కానీ డిజైన్ల చట్టం, 2000 ప్రకారం, దరఖాస్తు పెట్టకముందే లోకానికి చూపించిన డిజైన్‌కు రిజిస్ట్రేషన్ దొరకదు. దొరికితే పదేళ్ల హక్కు, ఆపై ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. గద్వాల చీరకు ఉన్న భౌగోళిక గుర్తింపు ఆ ఊరి పేరును కాపాడుతుంది, మీరు కొత్తగా గీసిన బుటాను కాపాడదు. కాబట్టి దరఖాస్తు పడేదాకా కొత్త గ్రాఫును మన సభ్యుల గదిలో కూడా పెట్టొద్దు. వందల మంది చూసేచోట పెట్టినది గుట్టు అని వాదించడం కష్టం.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు, గోప్యత ప్రాథమిక హక్కు అని ఒక్కమాటగా తీర్పు ఇచ్చినారు. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి గారు మన కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని సారం ఏమిటంటే, ఎవరి వివరాలైనా అడిగి తీసుకోవాలి, చెప్పిన పనికే వాడాలి, వద్దంటే తీసేయాలి. 18 ఏళ్లు నిండని పిల్లలవైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. మేము మొదట మిమ్మల్ని అడగకుండా పెట్టినాం. ఇకమీదట సంతకం లేకుండా ఒక్క పేరు కూడా ఎక్కించం.

మీరు చేయాల్సింది కొంచెమే. బయట బల్ల దగ్గర ఫారం ఉంది, తెలుగులో, కన్నడలో. మన పిల్లలు బడిలో కన్నడ చదువుతున్నారు, అందుకే లోపలి పేజీలు కూడా రెండు భాషల్లో ఉంటాయి. ఏది చూపించొచ్చు, ఏది వద్దు అని గళ్లలో గుర్తు పెట్టండి. నంబరు వద్దంటే వద్దు. ఆడపిల్ల ఫోటో పెట్టాలా వద్దా అన్నది ఆ పిల్లనే అడగండి. లాగిన్ ఇంటి యజమానికి ఒక్కడికే కాదు, అక్కలకు, కోడళ్లకు కూడా విడిగా ఇస్తాం. ఆసు పోసేది, కండెలు చుట్టేది, సగం మగ్గాలు నేసేది వాళ్లే కదా. ఈమెయిల్ లేనివాళ్లకు, చిన్న ఫోన్ ఉన్నవాళ్లకు తాలూకా ప్రతినిధి అచ్చు ప్రతి చూపిస్తాడు. ఆ మనిషి మనవాడే అని తెలిసినవాళ్లు ఇద్దరు చెప్తేనే లాగిన్ తెరుస్తాం.

ఒక్కటి మాత్రం ఏ ప్లగిన్ చేయలేదు. లోపల చూసినదాన్ని ఫోటో తీసి బయట గ్రూపులో వేస్తే ఆ తాళం అక్కడితో సరి. పడుగులో ఒక పోగు తెగితే ఆపి అతుకుతాం, చూసీచూడనట్టు నేయం. ఎక్కడైనా మన వివరాలు బయట కనిపిస్తే అదే మాదిరి వెంటనే చెప్పండి. తప్పు మాదైనా సరే, మీదైనా సరే, సరిచేద్దాం.

 జై చేనేత!